రాకాసిబల్లి దొరికిన నేల, చదువుకున్న ఊరు

హైదరాబాద్‌లో బిర్లా సైన్స్ సెంటర్ చూడటానికి వెళ్లిన పిల్లలు ఒకచోట తప్పకుండా ఆగిపోతారు. అక్కడ 44 అడుగుల పొడవున ఒక రాకాసిబల్లి అస్థిపంజరం నిలబడి ఉంటుంది. దాని శాస్త్రీయ నామం కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్. ఇందులో యామన్‌పల్లి పాత ఆదిలాబాద్ జిల్లాలో ప్రాణహిత లోయలోని ఊరు. ఎముకలు దొరికింది అక్కడే. కోట అన్నది నదికి అవతలి ఒడ్డున, మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ఉన్న చిన్న పల్లె. ఆ పల్లె దగ్గర బయటపడిన రాతి పొరలకు భూగర్భ శాస్త్రజ్ఞులు కోటా ఫార్మేషన్ అని పేరు పెట్టారు. మన దేశపు జురాసిక్ కాలం జంతువుల గురించి ఎవరు రాసినా ఆ పల్లె పేరు ఎత్తకుండా గడవదు.

తెలుగువాళ్లకు సిరోంచ పరాయి ఊరు కాదు. కాళేశ్వరం దగ్గర గోదావరి దాటితే సిరోంచే. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు వెళ్లినవాళ్లలో చాలామంది అక్కడే స్నానాలు చేశారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, నాలుగడుగులు అడవిలోకి వేస్తే మాడియా, గోండీ. అక్కడి మనిషికి ఇందులో వింతేమీ లేదు. 1860 దాకా ఈ ఒడ్డు కూడా నిజాం రాజ్యంలోదే. ఆ ఏడు గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న సిరోంచ, నూగూరు, ఆల్బాక, చర్ల, భద్రాచలం, రేకపల్లి తాలూకాలు ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లాయి. వాటిని కలిపి అప్పర్ గోదావరి జిల్లా చేసి సిరోంచను దానికి ముఖ్యపట్టణంగా పెట్టారు. 1874లో భద్రాచలం, రేకపల్లి మద్రాసు ప్రెసిడెన్సీలోకి పోయాయి. సిరోంచ చాందా జిల్లాలో చేరింది. 1982లో చాందా నుంచి గడ్చిరోలి విడిపోయినప్పుడు దానితో పాటు వచ్చేసింది.

సిరోంచ చుట్టూ ఉన్నది అడవే. అడవి యాత్ర అనగానే మన మనసులో మెదిలేది అమెజాన్ లాంటి వానల అడవి. ఇక్కడిది అది కాదు. ఇది ఆకు రాల్చే అడవి. టేకు, మద్ది, ఇప్ప, తునికి, వెదురు ఇక్కడి చెట్లు. వేసవిలో నేల కనిపించేంతగా ఆకు రాలిపోతుంది. శిలాజాలు వెతికేవాళ్లకు ఇది కలిసొచ్చిన సంగతి. ఏడాది పొడవునా పచ్చగా కప్పుకుని ఉండే అడవిలో రాయి కనిపించదు. ఇక్కడ ఆకు రాలాక, వాగులు ఎండాక, వానలకు కోతపడిన గట్ల మీద ఎర్రమట్టి, ఇసుకరాయి, సున్నపురాయి పొరలు బయటపడతాయి.

బయటి నుంచి మొదట వచ్చినవాళ్లు ఎముకల కోసం రాలేదు, బొగ్గు కోసం వచ్చారు. 1850 ప్రాంతంలో వాకర్, బెల్ అనే ఇద్దరు వైద్యులు ఈ ప్రాంతపు రాళ్ల మీద దృష్టి పెట్టారు. బెల్ కోట దగ్గర బొగ్గు కోసం బోరు దించిన వివరాలు లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. కోట సున్నపురాయిలో మాత్రం చేపలు దొరికాయి. పలకగా చీలిన రాతి మీద పొలుసు పొలుసుతో సహా ముద్రపడిన చేపలవి. 1851లో కల్నల్ సైక్స్ వాటి గురించి అదే పత్రికలో రాశాడు. చేపల వర్ణన ఎగర్టన్ రాశాడు. ఒక చేపకు దక్కన్ పేరు పెట్టి లెపిడోటస్ దక్కనెన్సిస్ అన్నారు. సముద్రానికి వందల మైళ్ల దూరంలో, టేకు చెట్ల నడుమ రాతిలో చేప ఉందంటే అక్కడ ఒకప్పుడు మడుగో సరస్సో ఉండి ఉండాలి. సిరోంచ నేల లోపలి కథలో శాస్త్రం చదివిన మొదటి వాక్యం అదే.

అదే కాలంలో ఆర్థర్ కాటన్ కూడా ఈ నదివైపు చూశాడు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్‌కు గోదావరిని పైదాకా పడవల దారిగా మార్చాలని పెద్ద కోరిక. బీరారు, నాగపూర్ పత్తి నీటి మీదుగానే సముద్రానికి చేరాలన్నది ఆలోచన. దారిలో మూడు చోట్ల రాతిబండలు అడ్డుపడ్డాయి. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇంచంపల్లి, మూడోది ప్రాణహిత మీద దేవలమర్రి. కల్నల్ హేగ్ చేతి మీదుగా ఏళ్ల తరబడి పని నడిచింది, చివరికి 1871లో ఆపేశారు. సిరోంచను జిల్లా కేంద్రం చేయడంలో ఈ పడవల ఆశ కూడా ఉంది. ఇంచంపల్లి పేరు గుర్తుంచుకోండి. వందేళ్ల తర్వాత మరో రకంగా మళ్లీ ఈ కథలోకి వస్తుంది.

ఆ తొలి యాత్రికుల్లో నాకు ఎక్కువ ఇష్టమైనవాడు స్టీఫెన్ హిస్లాప్. స్కాట్లండ్ నుంచి 1845లో నాగపూర్ వచ్చిన మిషనరీ. వారం పొడవునా బడి, ప్రార్థన, మిగిలిన కాలమంతా రాళ్లు, శిలాజాలు. ప్రాణహితకు ఇవతల మాలేరి దగ్గరి ఎర్రమట్టిలో ఊపిరితిత్తుల చేప పళ్లు ఆయన సేకరణలోనే వెలుగు చూశాయి. రాళ్లు వెతికే మనిషి గోండుల పాటలు కూడా వెతికాడు. గోండుల పుట్టుక గురించి, వాళ్ల గాథల నాయకుడు లింగో గురించి ఒక పర్ధాన్ (గోండుల గాయకుడు) నోట విన్న గాథను రాయించి పెట్టుకున్నాడు. 1863లో ఒక వాగు దాటుతూ కొట్టుకుపోయి చనిపోయాడు. ఆయన కాగితాలను బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ 1866లో పుస్తకంగా వేయించాడు. భూమి వయసు, ఆ భూమి మీది మనుషుల జ్ఞాపకం రెండూ ఒక్క సంచిలో మోసిన మనిషి ఆయన. తర్వాత వందేళ్లు ఆ సంచి రెండుగా చీలిపోయింది. ఎముకలు భూగర్భ శాస్త్రవేత్తలకు వెళ్లాయి, పాటలు మానవశాస్త్రవేత్తలకు వెళ్లాయి. ఒకరి పుస్తకంలో రెండోవారి ఊసు కనిపించదు.

1881లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ప్రాణహిత గోదావరి లోయ మీద పెద్ద నివేదిక వెలువరించాడు. ఆ పటాలు, పొరల లెక్కలు చాలా ఏళ్లు అందరికీ ఆధారంగా నిలిచాయి. తర్వాత చాలాకాలం పెద్ద కదలిక లేదు.

మళ్లీ కదలిక తెచ్చినవాడు ఒక గణాంకవేత్త. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ స్థాపించిన పి.సి. మహలనోబిస్‌కు కొలవగలిగిన ప్రతి వస్తువు మీదా ఆసక్తే. ఆయన పేరు మీద ఇవాళ ప్రపంచమంతా వాడే దూరసూత్రం పుట్టింది మనుషుల ఒంటి కొలతలు పోల్చడం నుంచే. కొలతలతో బతికిన మనిషికి ఎముకల మీద ఆసక్తి కలగడంలో ఆశ్చర్యం లేదు. ఆయన 1957లో లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పమేలా రాబిన్సన్ అనే పురాజీవ శాస్త్రవేత్తను పిలిపించాడు. అదే కాలేజీలో పనిచేసిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ కూడా ఆ ఏడే ఆ సంస్థలో చేరాడు. ఇంగ్లండ్ గుహల్లో చిక్కుకున్న చిన్న చిన్న సరీసృపాల ఎముకల మీద పేరు తెచ్చుకున్న రాబిన్సన్, ఇక్కడి కుర్రవాళ్లను వెంటేసుకుని గోదావరి లోయలో నడవడం మొదలుపెట్టింది. సంస్థలో భూగర్భ అధ్యయన విభాగం అలా నిలదొక్కుకుంది.

అప్పటి దారులు ఊహించుకోండి. ప్రాణహిత మీద, గోదావరి మీద వంతెనలు వచ్చింది ఈ మధ్యనే. అప్పుడు నాటుపడవే దిక్కు. వానాకాలం నాలుగు నెలలు లోపలి ఊళ్లకు బయటి లోకంతో సంబంధం తెగిపోయేది. పని చేయగలిగేది చలికాలం నుంచి ఎండలు ముదిరేదాకా. 1958లో మొదటి ఎముకలు కనిపించాయి. 1960, 61లలో అసలు తవ్వకం జరిగింది. చోటు సిరోంచ తాలూకా పోచంపల్లి. పట్టుచీరల భూదాన్ పోచంపల్లి కాదు. 2019లో మేడిగడ్డ బ్యారేజీ కట్టాక దాని మహారాష్ట్ర వైపు గట్టుగా పత్రికల్లో కనిపించిన పోచంపల్లి ఇది.

ఆ మట్టిలోంచి ఒక తొడ ఎముక బయటపడింది. పొడవు 1.7 మీటర్లు, అంటే నిలువెత్తు మనిషంత. ఒక్క కాలి పైభాగమే అంతుంటే మొత్తం జంతువు ఎంత ఉండాలి? అక్కడి నుంచి తవ్వుతూ పోతే 276 చదరపు మీటర్ల చోటులో సుమారు 300 ఎముకలు దొరికాయి. కనీసం ఆరు జంతువులవి. కొన్ని ఎముకలు ఒంట్లో ఉన్న వరసలోనే, కీళ్లు విడిపోకుండా ఉన్నాయి. ఎంత వెతికినా పుర్రె మాత్రం లేదు, కొన్ని పళ్లు మాత్రమే. ఎముకల మధ్య రాయిగా మారిన పెద్ద పెద్ద మానులు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి.

ఈ మానులే కథను తేల్చాయి. కీళ్లు విడిపోని ఎముకలు ఉన్నాయంటే కళేబరాలు ఎక్కువ దూరం కొట్టుకురాలేదు, కుళ్లి చెదిరిపోయేంత కాలం బయట పడి ఉండలేదు. వేళ్లతో పెకిలించుకుని వచ్చిన చెట్లు పక్కనే ఉన్నాయంటే వాటిని తెచ్చింది మామూలు ప్రవాహం కాదు. మంద మందగా తిరిగే ఆ జంతువులు పెద్ద వరదలో చిక్కుకుని చనిపోయాయని, వాటి శరీరాలు మానులతో పాటు ఒకచోట చేరి ఇసుకలో కూరుకుపోయాయని తర్వాతి పరిశోధకులు వివరించారు. సుమారు 18, 19 కోట్ల ఏళ్ల కిందటి సంగతి అది. గోదావరి ఇంకా పుట్టలేదు, ఇండియా అప్పటికి ఆఫ్రికాకు, అంటార్కిటికాకు అతుక్కునే ఉంది.

1962లో నేచర్ పత్రికలో ఈ తవ్వకం గురించి మొదటి వార్త వచ్చింది. జంతువుకు పేరు పెట్టింది మాత్రం 1975లో. జైన్, కుట్టి, రాయ్ చౌధురి, ఛటర్జీ అనే నలుగురు రాసిన వ్యాసంలో అది బరాపాసారస్ టాగోరై అయింది. మొదటిభాగం బెంగాలీలో పెద్దకాలు. రెండోది టాగూరు, ఎందుకంటే తవ్వకాల నాటికి ఆయన శతజయంతి సంవత్సరం వచ్చింది. ఎముకలు జత చేసి 1977లో కలకత్తాలోని సంస్థ మ్యూజియంలో సుమారు 14 మీటర్ల అస్థిపంజరాన్ని నిలబెట్టారు. మెడ సాగిన, స్తంభాల్లాంటి కాళ్లున్న రాకాసిబల్లుల తొలి తరానికి చెందిన జంతువుల్లో ఇంత పూర్తిగా దొరికినవి ప్రపంచంలోనే అరుదు. తర్వాతి తరాలలో బరువు తగ్గించుకోవడానికి వెన్నుపూసలు బాగా బోలుగా మారాయి. దీనిలో ఆ మార్పు ఇంకా మొదటి మెట్ల మీదే ఉంది. పరిణామంలో ఆ మెట్టు చూపించినందుకే శాస్త్రలోకం పోచంపల్లిని గుర్తుపెట్టుకుంది.

కోటసారస్ కథ దీని తర్వాతది. 1970ల చివర యామన్‌పల్లి దగ్గర జియలాజికల్ సర్వే తవ్వితే పన్నెండు జంతువుల ఎముకలు దొరికాయి. పి. యాదగిరి 1988లో దానికి పేరు పెట్టారు. ఆ మధ్యకాలంలోనే కోట పొరల్లో ఎలుకంత పాలిచ్చే జంతువుల పళ్లూ బయటపడ్డాయి. వాటిలో ఒకటి కోటాథీరియం హాల్డేనై. రాకాసిబల్లుల కాళ్ల సందున తిరిగిన మన దూరపు బంధువులు అవి.

ఇప్పటిదాకా చెప్పింది పుస్తకాల్లో ఉన్న కథ. ఇందులో రాబిన్సన్ ఉంది, మహలనోబిస్ ఉన్నాడు, టాగూరు, హాల్డేన్ పేర్లున్నాయి. ఊరి పేర్లూ ఉన్నాయి. ఊరి మనుషులు లేరు. అడవిలో శిలాజాలు వెతికే పని ఎక్కడైనా ఒకలాగే సాగుతుంది. ఏ వాగు నిరుటి వానకు కొత్తగా కోతపడిందో, ఏ గట్టు మీద ‘ఎముక లాంటి రాయి’ తేలిందో ముందు చూసేది పశువులు కాసేవాడు, ఇప్పపువ్వు ఏరే ఆడమనిషి, తునికాకు కోతకు పోయే పిల్ల. దారి చూపేది, మట్టి తట్ట ఎత్తేది, నది దాటించేది వాళ్లే. ఆ సాయం జీతానికో కూలికో జరిగిపోతుంది, జ్ఞానంగా లెక్కకు రాదు. నాకు ఇది చిన్న లోపంలా అనిపించదు. మాట సాయం చేసినవాడి పేరు పుస్తకం చివరి పేజీలో రాసినంత మాత్రాన తీరేదీ కాదు.

ఇంకోచోట ఇది కొంత తీరిన సందర్భం ఉంది. 1987లో కేరళ అగస్త్యమలై వానల అడవిలో మొక్కల పరిశోధకుల బృందం ఒకటి కాణి తెగవాళ్లను దారిచూపేవాళ్లుగా పెట్టుకుని ఎక్కింది. కొండెక్కుతూ తాము అలసిపోతుంటే, దారిచూపేవాళ్లు ఒక మొక్క కాయలు తింటూ హుషారుగా నడవడం పరిశోధకులు గమనించారు. అడిగి తెలుసుకున్నారు. ఆ మొక్కతో జీవని అనే మందు తయారైంది. 1995లో దాని తయారీ హక్కును 10 లక్షల రూపాయలకు, అమ్మకంలో వాటాకు ఇచ్చినప్పుడు అందులో సగం కాణీలదని పాలోడ్‌లోని పరిశోధన సంస్థ ఒప్పుకుంది. ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే ఒప్పందం అది. దానిలోనూ తగాదాలు, కొరతలు వచ్చాయి. అయినా అడవిలో నడిచే మనిషికి తెలిసింది జ్ఞానమేనని, దానికి హక్కుదారు ఉన్నాడని ఒక సంస్థ కాగితం మీద ఒప్పుకోవడం పెద్ద మార్పు.

గడ్చిరోలిలో జరిగింది దీనికన్నా పెద్దది. దాని పుట్టుక మళ్లీ ఇంచంపల్లి దగ్గరే. 1980ల మొదట్లో గోదావరి మీద ఇంచంపల్లి దగ్గర, ఇంద్రావతి మీద భోపాలపట్నం దగ్గర పెద్ద ఆనకట్టలు కట్టాలన్న ప్రతిపాదన ముందుకొచ్చింది. వేల హెక్టార్ల అడవి, వందల ఊళ్లు మునిగే లెక్క. అడవిని కాపాడితే మనిషిని కాపాడినట్టే అనే నినాదంతో 1984లో పెద్ద ఉద్యమం లేచింది. సంఘసేవకుడు బాబా ఆమ్టే, ఆదివాసీ నాయకుడు లాల్ శ్యామ్ షా లాంటివాళ్లు ముందు నిలిచారు. ఆ ఆనకట్టలు ఆగాయి. సిరోంచకు ఉత్తరాన చాలా దూరంలో, ధనోరా తాలూకాలో మెండా లేఖా అనే చిన్న గోండు ఊరు ఆ ఉద్యమంలో పాల్గొని ఇంటికి తిరిగొచ్చాక ఒక ప్రశ్న వేసుకుంది: బయటివాడు అడవిని ముంచకుండా ఆపాం సరే, మన చేతులతో మనం చేసే నష్టం సంగతేమిటి?

ఈ ప్రశ్న దగ్గర నేను కాసేపు ఆగాలి. అడవి బిడ్డలకు అడవిని కాపాడటం పుట్టుకతో వస్తుంది అని చెప్పేవాళ్లు చాలామంది. ప్రేమతోనే అంటారు, కానీ ఆ మాట వాళ్ల తెలివిని తగ్గిస్తుంది. గోండుల్లో గోత్రానికొక జంతువో చెట్టో ఉంటుంది, దానికి హాని చేయరు. కొత్త మామిడి, కొత్త ఇప్పపువ్వు పండుగ చేయకుండా ముట్టరు. ఆలోగా కాయ ముదిరి, గింజ నేల పడుతుంది. మన కోయ ఊళ్లలో కొత్తల పండుగ చూసినవాళ్లకు ఇది తెలిసిందే. ఈ కట్టుబాట్లు ఎవరో ఎప్పుడో గమనించి, కలిసి కూర్చుని పెట్టుకున్నవే అని నా నమ్మకం. పరిస్థితి మారితే వాటినీ మార్చుకోవాలి. మెండా చేసింది అదే.

అక్కడ మొదలైన పద్ధతిని మరాఠీలో అభ్యాస గట్ అంటారు, చదువుకునే గుంపు. దేవాజీ తోఫా ఆ ఊరి మనిషి, మోహన్ హీరాబాయి హీరాలాల్ వృక్షమిత్ర సంస్థ తరఫున వచ్చిన మిత్రుడు. ఊళ్లో ఒక సమస్య వస్తే ముందు దాని మీద చదువుకునే గుంపు ఏర్పడుతుంది. ఊరివాళ్లు ఎవరైనా రావచ్చు, బయటి నిపుణుణ్ని పిలవచ్చు, చట్టం పుస్తకం తెప్పించి చదవచ్చు. నిర్ణయం మాత్రం అక్కడ జరగదు. గుంపు తెలుసుకున్నది గ్రామసభకు వెళ్తుంది. గ్రామసభలో నిర్ణయం ఏకాభిప్రాయంతోనే. ఒక్కరు ఒప్పుకోకపోయినా వాయిదా పడుతుంది, మళ్లీ చర్చ నడుస్తుంది. మెజారిటీ లెక్కేస్తే ఓడినవాడు రేపు అడవిలో నియమం తప్పుతాడని వాళ్లకు తెలుసు. అడవి కాపలాకు పోలీసు లేడు కాబట్టి, ప్రతి ఒక్కరి ఒప్పుదల కావాలి. ఢిల్లీ, ముంబైలలో మా సర్కారు ఉంది, మా ఊళ్లో మేమే సర్కారు అన్న ఆ ఊరి నినాదం ఈ పద్ధతిలోంచి వచ్చింది.

చదువు ఎక్కడికి తీసుకెళ్లిందో చూడండి. తేనె తీసేటప్పుడు పట్టును కాల్చి ఈగల్ని చంపడం వాళ్ల పాత అలవాటు. తేనెటీగల మీద చదువుకున్నాక ఈగలకు హాని లేకుండా తీసే పద్ధతి నేర్చుకున్నారు. వాగుల్లో విషం కలిపి చేపలు పట్టడాన్ని సభలో కూర్చుని నిషేధించుకున్నారు. పండ్ల చెట్లను నరకకూడదన్నారు. అడవికి నిప్పు పెట్టకూడదన్నారు. ఇంటికి ఎంత కలప కావాలో హద్దు పెట్టుకున్నారు. కాగితం మిల్లులకు వెదురు ఎలా పోతోందో, నరికిన తీరుకు పొద మళ్లీ లేస్తుందో లేదో లెక్క తీశారు, ఆ కోతను ప్రశ్నించారు. పర్యావరణ శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ లాంటివాళ్లు వాళ్లతో కలిసి పనిచేశారు. ఈసారి శాస్త్రజ్ఞుడు యాత్ర చేసి ఊరిని కొలిచి వెళ్లిపోలేదు. ఊరు తనకు కావలసిన ప్రశ్న వేసి, శాస్త్రజ్ఞుణ్ని తన పక్కన కూర్చోబెట్టుకుంది. సిరోంచ నేల కింద దొరికిన ఏ ఎముకకన్నా ఇది గొప్ప ఆవిష్కరణ అని నేను అంటాను. పరిశోధన ఎవరి అవసరం కోసం మొదలవుతుంది అన్నదాన్నే ఇది తలకిందులు చేసింది.

చట్టం వెనక నుంచి వచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం ఊరి ఉమ్మడి అడవిని కాపాడుకునే, నిర్వహించుకునే హక్కు గ్రామసభకు ఇచ్చింది. 2009లో మెండాకు సుమారు 1,800 హెక్టార్ల మీద ఆ హక్కు దక్కింది. దేశంలో అలాంటి హక్కు పొందిన తొలి ఊళ్లలో అది ఒకటి. అయితే హక్కు కాగితం చేతికొచ్చినా వెదురు అమ్ముకోవడానికి రవాణా పర్మిట్ రాలేదు. వెదురు చెట్టా, చిన్న తరహా అటవీ ఉత్పత్తా అన్న వాదం నడిచింది. కొత్త చట్టం అది అటవీ ఉత్పత్తేనని స్పష్టంగా రాసినా పాత అలవాటు వదల్లేదు. చివరికి 2011 ఏప్రిల్ 27న కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్, ముఖ్యమంత్రి పృథ్వీరాజ్ చవాన్ మెండాకే వచ్చి పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టారు. మంత్రులు ఊరికి రావడంకన్నా, పర్మిట్ రాసే అధికారం ఊరికి రావడం ముఖ్యం. 2013లో మెండా ఇంకో అడుగు వేసి, మహారాష్ట్ర గ్రామదాన చట్టం కింద సొంత సాగుభూముల్ని కూడా సభ ఉమ్మడిలో చేర్చింది.

మెండా వేసిన దారిలో గడ్చిరోలి జిల్లాలో వెయ్యికి పైగా గ్రామసభలకు ఉమ్మడి అటవీ హక్కులు వచ్చాయి. తునికాకు, వెదురు కొన్నిచోట్ల సభలే వేలం వేసి అమ్ముతున్నాయి. అన్నిచోట్లా మెండాలా జరగడం లేదు, ఆ మాట దాచకూడదు. బేరం తెలిసిన కాంట్రాక్టరు ముందు కొత్త సభలు తడబడతాయి, డబ్బు లెక్కల దగ్గర తగువులు వస్తాయి. కాగితం వచ్చి చదువుకునే గుంపు రాని ఊళ్లలో హక్కు బలహీనంగా ఉంటుంది. అందుకే నేను పదే పదే ఆ గుంపు దగ్గరికి వస్తున్నాను.

ఇక సిరోంచకు వద్దాం. ఈ అటవీ డివిజన్‌లోనే కమలాపూర్ దగ్గర కోలామార్క ఉంది. అడవి బర్రెలు అసలు రక్తంతో మిగిలిన అతి కొద్ది చోట్లలో అదొకటి. 2013లో దాన్ని సుమారు 180 చదరపు కిలోమీటర్ల సంరక్షణ రిజర్వుగా ప్రకటించారు. ఆ బర్రెలు ఇంద్రావతి దాటి ఛత్తీస్‌గఢ్‌కూ ఇటూ తిరుగుతుంటాయి. వాటి దారి తెలిసింది ముందుగా మాడియా ఊళ్లకే. మరోవైపు సిరోంచ తాలూకాలోనే వడదంలో రాయిగా మారిన పాత చెట్ల మానులతో శిలాజ ఉద్యానం ఏర్పాటైంది. ఆలాపల్లి దారిలో 1953 నుంచి గొడ్డలి పడకుండా కాపాడిన చిన్న అడవి ముక్క 2014లో మహారాష్ట్ర మొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. ఒకే తాలూకా చుట్టుపక్కల 18 కోట్ల ఏళ్ల నాటి మాను, ఇవాళ్టి టేకు, మిగిలిపోయిన అడవి బర్రె ఉన్నాయి. మన దేశంలో ఇంతటి కూడిక చాలా తక్కువ చోట్ల ఉంటుంది.

వీటిని ఎవరు చూసుకోవాలి అన్నది ఇప్పుడు నడుస్తున్న వాదం. 2022 చివర్లో కేంద్ర గనుల శాఖ భూవారసత్వ స్థలాల మీద ఒక ముసాయిదా చట్టం విడుదల చేసింది. శిలాజాలు దొంగతనంగా అమ్ముడుపోకుండా, క్వారీల కింద నలిగిపోకుండా చట్టం కావాలన్నది శాస్త్రవేత్తల చాలాకాలపు కోరిక, న్యాయమైనదే. కానీ ఆ ముసాయిదా అధికారాలన్నీ కేంద్రం చేతిలో, జియలాజికల్ సర్వే చేతిలో పెట్టిందని, భూమి తీసుకునే అధికారం కూడా అందులో ఉందని విమర్శలు వచ్చాయి. రాజ్యాంగం ఐదో షెడ్యూల్ కిందికి వచ్చే ఆదివాసీ ప్రాంతాల్లో భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలని 1996 నాటి పీసా చట్టం చెబుతోంది. శిలాజం పేరుతో ఊరిని పక్కకు తోసే చట్టం వస్తే పోచంపల్లి మనిషి ఇంకోసారి తన నేల మీద కూలిగానే మిగులుతాడు. మేడిగడ్డ నీరు ఎగదన్ని ఆ ఒడ్డు పొలాలు మునిగినప్పుడు పరిహారం కోసం సిరోంచ రైతులు ఎన్నిసార్లు రోడ్డెక్కారో మనం చూశాం. 2022 జూలై వరదలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేసి వెళ్లారు. తమ నేల గురించి నిర్ణయం ఇంకెక్కడో జరిగితే ఏమవుతుందో వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

చేయగలిగిన పని చాలా ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి ఊరూ తన మొక్కలు, జంతువులు, వాటి వాడకం రాసుకునే ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు పెట్టుకోవాలి. సిరోంచ ఊళ్ల రిజిస్టర్లలో శిలాజాలకూ ఒక అధ్యాయం పెట్టవచ్చు. ఏ వాగు గట్టున ఏం కనిపించింది, ఎవరు చూశారు, ఎప్పుడు చూశారు అన్నది చూసినవాళ్ల పేరుతో సహా రాయవచ్చు. రేపు అక్కడ కొత్త జంతువు బయటపడితే మొదట చూసిన కళ్లు ఎవరివో తేదీతో సహా ఉంటుంది. తవ్వడానికి వచ్చే బృందం గ్రామసభ అనుమతి తీసుకుని, తవ్విందేమిటో ఊళ్లోనే ఊరి భాషలో చెప్పి వెళ్లాలన్న షరతు సభ పెట్టుకోవచ్చు. హక్కుల కాగితం ఉన్న సభకు ఆ మాట అడిగే బలం ఉంది.

కలకత్తా సంస్థకు నేను చేసే విన్నపం ఇంకొకటి. అసలు ఎముకలు మ్యూజియంలో భద్రంగా ఉండనివ్వండి, శాస్త్రానికి అవి అక్కడే అందుబాటులో ఉంటాయి. ఆ 1.7 మీటర్ల తొడ ఎముకకు అచ్చు నకలు పోయించి సిరోంచకు పంపితే చాలు. పక్కన మరాఠీలో, తెలుగులో, మాడియాలో నాలుగు మాటల పలక పెట్టాలి. వడదంలో శిలాజ ఉద్యానం ఇప్పటికే ఉంది కాబట్టి స్థలం వెతకాల్సిన పని లేదు.